పాలు పడలేదు అనేసే ముందు: బాలింతల వార్డులో నర్సు చేతిలో ఉన్న పని

రాత్రి రెండున్నర అవుతుంది. వార్డులో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా విశాఖ ఉక్కపోత తగ్గదు. మూల మంచం దగ్గర బిడ్డ గంట నుంచి ఏడుస్తూనే ఉంటాడు. వాళ్ల అమ్మమ్మ మన టేబుల్ దగ్గరకొచ్చి, "సిస్టరమ్మా, మా పిల్లకి పాలు పళ్లేదు, డబ్బా రాసీండి" అంటుంది. ఆ టైంలో మన నోట్లోంచి వచ్చే మొదటి మాట మీదే ఆ బిడ్డ ఆరు నెలల తిండి ఆధారపడి ఉంటుంది. ఇది పెద్ద మాటలా అనిపించొచ్చు కానీ పంతొమ్మిదేళ్లుగా ఈ వార్డుల్లో చూస్తున్నాను కాబట్టే చెబుతున్నాను.

మనలో ఎవరికీ తెలియక కాదు. నర్సింగులో జీఎన్ఎం డిప్లొమా చదివినా బీఎస్సీ చదివినా పరీక్షలో అందరం రాశాం, గంటలోపు పాలు పట్టించాలి, ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు, ఆ తర్వాత వేరే తిండితో పాటు రెండేళ్లు ఆ పైన కూడా ఇవ్వొచ్చు అని. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి, గంటలోపు పాలు తాగిన బిడ్డలు మాత్రం 41.8 శాతమే. అంటే చాలామంది బిడ్డలు మన గోడల మధ్య, మన కళ్లెదుటే ఆ గంట పోగొట్టుకుంటున్నారు. ఆ లెక్క చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. తెలిసినదాన్ని చేతుల్లోకి ఎలా తెచ్చుకోవాలన్నదే ఇక్కడ రాస్తున్నాను, ముఖ్యంగా కొత్తగా డ్యూటీలో చేరిన చెల్లెళ్ల కోసం.

ముందు మన మనసులో ఏముందో చూసుకోవాలి

నా మొదటి బిడ్డ పుట్టినప్పుడు నేనొక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను. మూడు నెలలకే డ్యూటీకి రమ్మన్నారు, పాలు పిండుకోవడానికి గది లేదు, టైం లేదు, బాత్రూంలో నిలబడి సింక్‌లోకి పిండి పారబోసేదాన్ని, నెల తిరిగేసరికి పాలు ఆగిపోయాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏ తల్లి ఏడ్చినా "పోనీలేమ్మా, మా బాబు కూడా డబ్బా పాలే తాగాడు, బాగానే ఉన్నాడు" అనేదాన్ని. ఓదార్పు అనుకున్నాను. నిజానికి నా బాధని ఆమె మీద పెడుతున్నాను, ఇంకొంచెం ఓపిక పడితే తాగించగలిగే తల్లిని నేనే ఆపేస్తున్నాను. 26 వారాల ప్రసూతి సెలవు చట్టం 2017లో వచ్చింది, అప్పుడు నాకు లేదు. నేను చేస్తున్న ఆ పొరపాటు తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది, అందుకే ముందే చెబుతున్నాను: మీకు పాలు బాగా పడ్డాయా, పడలేదా, అసలు పెళ్లే కాలేదా, అది వార్డులో కొలమానం కాకూడదు.

ఇంకోటి, తల్లిని దోషిని చేయడం. "ఇంత చదువుకున్నావు, బిడ్డని పట్టుకోవడం కూడా రాదా", "అలా పడుకుంటే పాలెక్కడొస్తాయి" అనే మాటలు మనం అలసటలో అనేస్తాం. పన్నెండు గంటలు నొప్పులు పడ్డ పిల్లకి ఆ మాట గుచ్చుకుంటుంది. భయం, సిగ్గు, నొప్పి ఉంటే పాలని బయటికి తెచ్చే ఆక్సిటోసిన్ హార్మోన్ సరిగ్గా విడుదల కాదు, రొమ్ములో పాలున్నా చేపు రాదు. మన పెద్దవాళ్లు ఆవు దగ్గర గట్టిగా అరవనివ్వరు, చేపదు అని. మనిషికీ అంతే. కాబట్టి మంచం చుట్టూ తెర వేయడం, తెర లేకపోతే ఒక దుప్పటి కట్టడం, మగవాళ్లని పది నిమిషాలు బయటికి పంపడం, ఇవన్నీ మర్యాద కోసం మాత్రమే కాదు, వైద్యం కిందే లెక్క.

మొదటి గంట

బిడ్డ బయటికొచ్చి ఏడ్చి బాగానే ఉంటే తుడిచి, తడి గుడ్డ తీసేసి, తల్లి ఛాతీ మీద బోర్లా వేయండి, ఒంటికి ఒళ్లు ఆనాలి, మధ్యలో నైటీ ఉండకూడదు. పైన పొడి గుడ్డ, తలకి టోపీ. చేతికి ట్యాగు తప్ప బరువు, విటమిన్ కె ఇంజెక్షన్, మిగతా హడావుడి, అంతా గంట ఆగుతుంది. ట్యాగు కూడా తల్లి మీద ఉండగానే కట్టొచ్చు. బయట ఉన్న చుట్టాలకి బిడ్డని చూపించాలని మన మీద ఒత్తిడి ఉంటుంది, తెలుసు. తలుపు దగ్గరకెళ్లి "బిడ్డ క్షేమం, ఇప్పుడు పాలు తాగుతున్నాడు, గంటలో చూపిస్తాం" అంటే ఎవరూ గొడవ పడరు, పాలు తాగుతున్నాడన్న మాట వినగానే వాళ్ల మొహాలు వెలిగిపోతాయి.

అలా వేసిన బిడ్డ కాసేపు ఊరుకుంటాడు, తర్వాత చేతులు నాకుతాడు, తల ఎత్తుతాడు, మెల్లగా రొమ్ము వైపు పాకుతాడు. ముప్పావుగంట పట్టినా పట్టొచ్చు. తల పట్టుకుని తోయకండి. తోస్తే వెనక్కి విరుచుకుంటాడు, ఆ తర్వాత రొమ్ము దగ్గరకి తీసుకెళ్తేనే ఏడుస్తాడు. కానీ ఒక్క జాగ్రత్త అస్సలు మరవొద్దు: ముక్కు మూసుకుపోకుండా మెడ నిటారుగా, మొహం ఒక పక్కకి ఉండాలి, రంగు, ఊపిరి చూస్తూ ఉండాలి, తల్లి మందు మత్తులో ఉంటే ఒక్క నిమిషం కూడా వాళ్లిద్దరినీ వదిలి వెళ్లొద్దు. మొదటి రెండు గంటలు ఎవరో ఒకరి కన్ను ఉండాలి.

సిజేరియన్ అయితే "స్పృహ వచ్చాక చూద్దాం" అని బిడ్డని నాలుగైదు గంటలు వార్మర్లో (బిడ్డని వెచ్చగా ఉంచే పరికరంలో) ఉంచేస్తాం. వెన్నుకి మత్తు ఇచ్చిన తల్లికి స్పృహ ఎక్కడ పోయింది? మాట్లాడుతూనే ఉంటుంది కదా. కుట్లు వేస్తుండగానే బిడ్డ చెంపని ఆమె చెంపకి ఆనించండి, రికవరీ గదిలోకి రాగానే పక్కన పడుకోబెట్టి తాగించండి. తర్వాత రోజుల్లో బిడ్డని చంక కింద నుంచి కాళ్లు వెనక్కి వెళ్లేలా పట్టుకుంటే పొట్ట మీద బరువు పడదు.

మన చేతులు వెనక్కి, కళ్లు ముందుకి

మన ఆసుపత్రుల్లో నర్సు చేసే పెద్ద తప్పు ఇదే అని నా అభిప్రాయం: వచ్చీ రాగానే రొమ్ముని పట్టుకుని, బిడ్డ తలని ఇంకో చేత్తో పట్టుకుని, నోట్లో కుక్కేయడం. అర నిమిషంలో పని అయిపోతుంది, మనం వెళ్లిపోతాం, బిడ్డ వదిలేస్తాడు, ఆ తల్లికి మళ్లీ ఎలా పట్టించాలో తెలియదు. "సిస్టర్ వస్తేనే తాగుతాడు" అని కూర్చుంటుంది. అడగకుండా ఒంటి మీద చెయ్యి వేయడం ఎలాగూ తప్పే.

బదులుగా స్టూలు లాక్కుని కూర్చోండి. నిలబడి చెప్పిన మాట చెవికెక్కదు. "పాలు వస్తున్నాయా?" అని అడగకండి, ఆ ప్రశ్నకి భయంతో ఉన్న తల్లి "లేదు" అనే అంటుంది. "ఇందాక తాగినప్పుడు ఎలా ఉందమ్మా, నొప్పేమైనా ఉందా?" అనండి. తర్వాత "ఒకసారి పట్టించు, నేను చూస్తాను" అని ఊరుకోండి. ఒక పూర్తి దఫా చూడాలి, మొదలు నుంచి బిడ్డ తనంతట తాను వదిలేదాకా. పదిహేను ఇరవై నిమిషాలు. నాకు తెలిసి ఈ పని నేర్చుకోవడానికి ఇంతకు మించిన దారి లేదు.

ఏం చూడాలంటే, బిడ్డ చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉన్నాయా, లేక మెడ మాత్రమే తిప్పి తాగుతున్నాడా (మీరు మెడ పక్కకి తిప్పి గుక్కెడు నీళ్లు మింగి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది). పొట్ట తల్లి పొట్టకి ఆనిందా. ముక్కు చనుమొనకి ఎదురుగా ఉంటే, పై పెదవికి చనుమొన తగిలినప్పుడు ఆవలించినంత నోరు తెరుస్తాడు, ఆ క్షణంలో బిడ్డని రొమ్ము దగ్గరకి తేవాలి, రొమ్ముని బిడ్డ దగ్గరకి వంచకూడదు. పట్టు బాగా కుదిరితే గడ్డం రొమ్ముకి ఆనుతుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, నల్లటి భాగం పైన ఎక్కువ, కింద తక్కువ కనిపిస్తుంది, బుగ్గలు లోపలికి పీక్కుపోవు. మొదట గబగబా చప్పరిస్తాడు, చేపు రాగానే లాగుడు నెమ్మదిస్తుంది, గడ్డం కిందికి దిగి ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడు "క్హ" అని చిన్న గుటక. ఆ చప్పుడు తల్లికి వినిపించండి. "విన్నావా? అది నీ పాలే" అనండి. నేను ఇప్పటిదాకా ఇచ్చిన ఏ సలహా ఆ ఒక్క గుటకంత ధైర్యం ఇవ్వలేదు.

తల్లికి చేసి చూపించాలంటే ఆమె ఒంటి మీద కాదు, ఒక బట్ట బొమ్మ, ఒక సాక్సులో దూది కూరి ముడేసింది పెట్టుకోండి. నా బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. ఆ సాక్సు రొమ్ము చూసి తల్లులు నవ్వుతారు, నవ్వగానే భుజాలు వదులవుతాయి, సగం పని అక్కడే అయిపోతుంది.

రాత్రి డ్యూటీలో నలభై మంచాలకి ఒక్కదాన్నే ఉంటే ఇదంతా ఎలా అని అడుగుతారు. అందరి దగ్గరా కూర్చోలేరు, నిజం. రౌండు మొదట్లోనే నలుగురిని ఎంచుకోండి: తొలి కాన్పు, సిజేరియన్, తక్కువ బరువు బిడ్డ, చనుమొన పగిలి ఏడుస్తున్న తల్లి. రెండో కాన్పు తల్లి పక్క మంచం మీద బాగా తాగిస్తుంటే "అక్కా, చెల్లికి కాస్త చూపించవా" అంటే ఆమె మనకంటే బాగా చెబుతుంది. పాడేరు, అరకు వైపు నుంచి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) వచ్చే తల్లుల్లో కొందరిని చూశాను, బిడ్డని ఒంటికి కట్టుకుని ఎంత సులువుగా తాగిస్తారో. వాళ్లకి మనం నేర్పేది లేదు, వాళ్లని చూసి వార్డంతా నేర్చుకోవచ్చు.

"పాలు పడలేదు" అన్నప్పుడు

మొదటి రోజు బిడ్డకి ఒక్కోసారికి కావలసింది 2 నుంచి 10 మిల్లీ లీటర్లు. ఒక టీ చెంచా 5 మిల్లీ. ఇది చెప్పకండి, చూపించండి. స్టీలు చెంచా తెచ్చి, చేతులు కడిగించి, తల్లి చేతే పిండించండి: బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి భాగం అంచుకి ఆనించి, ముందు ఛాతీ వైపు లోపలికి నొక్కి, తర్వాత రెండు వేళ్లూ కలిపి ఒత్తి వదలాలి. చర్మం మీద జార్చకూడదు. మొదట రెండు మూడు నిమిషాలు ఏమీ రాదు, అక్కడే అందరూ ఆపేస్తారు. ఆగకండి. ముందు ఒక చిన్న చుక్క, పసుపు రంగులో, తేనెలా చిక్కగా చనుమొన మీద నిలబడుతుంది. ఆ తర్వాత ఇంకోటి. చెంచా అడుగున అర చెంచా చేరేసరికి అమ్మమ్మ వంగి చూస్తుంది. ఆ ముర్రుపాలు బిడ్డ పెదవికి తాకించి చప్పరించనివ్వండి. "ఇదే మొదటి టీకా" అని నేను చెబుతాను.

రెండో రాత్రి బిడ్డ గంటకోసారి ఏడ్చి పాలు అడగడం మామూలే, రోజుకి 8 నుంచి 12 సార్లు తాగాలి. ఎన్నిసార్లు లాగితే పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ అంత పెరుగుతుంది, అందులోనూ రాత్రి పూట ఎక్కువ. మూడో రోజుకో నాలుగో రోజుకో రొమ్ము నిండుతుంది. ఈలోపు ఒక 30 మిల్లీ డబ్బా పాలు పోస్తే బిడ్డ మూడు గంటలు పడుకుంటాడు, రొమ్ము ఖాళీ అవదు, పాలు తయారవడం తగ్గుతుంది, రేపు నిజంగానే చాలవు. మనం చెప్పిన అబద్ధాన్ని మనమే నిజం చేస్తాం.

చాలుతున్నాయో లేదో ఏడుపుతో కాదు, ఉచ్చతో తేల్చాలి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, ఐదో రోజుకి ఆరు అంతకన్నా ఎక్కువ. విరేచనం నల్లగా మొదలై, ఆకుపచ్చకి తిరిగి, నాలుగైదు రోజులకి పసుపు రావాలి. బరువు మొదట్లో తగ్గడం సహజం, 3 కిలోల బిడ్డ 200 గ్రాముల దాకా తగ్గితే కంగారు లేదు. 300 గ్రాములు, అంటే పది శాతం దగ్గరకి వెళ్తోందంటే ఆగి చూడాలి, డాక్టర్‌కి చెప్పాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి రావాలి.

డబ్బా పాలు ఎప్పుడూ పాపమే అని నేను అనను. షుగర్ ఉన్న తల్లి బిడ్డ, బాగా తక్కువ బరువు బిడ్డ, రక్తంలో గ్లూకోజు పడిపోయిన బిడ్డ, నీరసంగా లేవకుండా పడున్న బిడ్డ, కామెర్లు అరచేతులకి పాదాలకి దిగిన బిడ్డ, వీళ్ల దగ్గర పట్టుదల పనికిరాదు, వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలవాలి. పైపాలు అవసరమైనా ముందు పిండిన తల్లిపాలు, చాలకపోతేనే మిగతాది. అదీ సీసాతో కాదు, చిన్న గ్లాసుతోనో ఉగ్గుగిన్నెతోనో, బిడ్డని కాస్త కూర్చోబెట్టినట్టు పట్టుకుని, పెదవి దగ్గర ఆనించి, తనే నాలుకతో తీసుకునేలా. ఎంత ఇచ్చాం, ఎందుకిచ్చాం అని కేస్ షీట్‌లో రాయాలి. కారణం రాయాల్సి వస్తే అనవసరంగా ఇచ్చేవి వాటంతటవే తగ్గుతాయి.

తల్లికి జలుబు, జ్వరం ఉంటే ఆపేయమంటారు కొందరు, అక్కర్లేదు. హెపటైటిస్ బి ఉన్నా బిడ్డకి పుట్టగానే టీకా, దాంతో పాటు వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ పడితే పాలివ్వొచ్చు. హెచ్ఐవి ఉన్న తల్లి వైరస్‌ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతూ పాలివ్వొచ్చు, ఆమె విషయం వార్డులో ఎవరి చెవినా పడకూడదు. కేన్సర్ మందులు వాడుతుంటే మాత్రం ఇవ్వకూడదు.

పాల డబ్బా కంపెనీ వాళ్ల సంగతి కూడా తేల్చుకుందాం. తల్లిపాల బదులు వాడే పాలపొడుల ప్రచారాన్ని అడ్డుకునే 1992 చట్టం ప్రకారం, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు, ఆసుపత్రిలో శాంపిళ్లు పంచడం, పోస్టర్లు పెట్టడం, మనకి బహుమతులివ్వడం నేరం. పెన్ను అయినా, క్యాలెండర్ అయినా తీసుకోకండి.

అమ్మమ్మని గెలుచుకోవాలి

తొలి కాన్పు పుట్టింటివాళ్లది కాబట్టి మంచం పక్కన ఉండేది దాదాపు ఎప్పుడూ అమ్మమ్మే. తల్లికి ఎంత చెప్పినా మనం పక్క వార్డుకి వెళ్లగానే మాట చెల్లేది ఆమెదే. ఒకామె చీర కొంగు ముడిలో చిన్న సీసాలో తేనె తెచ్చుకుంది, బిడ్డ నాలుకకి రాయాలని. నేను సీసా లాక్కోలేదు. "అమ్మా, నీకు ఎంతమంది పిల్లలు? ఎవరెవరికి ఎన్నాళ్లు పాలిచ్చావు?" అని అడిగాను. ముగ్గురికీ రెండేళ్లు ఇచ్చానంది, గర్వంగా. "అయితే నీ కూతురికి నువ్వే గురువువి, తేనె మాత్రం ఏడాది దాకా వద్దు, అందులో ఉండే సూక్ష్మక్రిమి పసివాళ్ల కండరాలని చచ్చుబడేస్తుంది, ముందు నీ కూతురి ముర్రుపాలు నాకించు" అన్నాను. సీసా మళ్లీ కొంగులోకి వెళ్లిపోయింది. పంచదార నీళ్లు, ఆముదం, గ్లూకోజు నీళ్లు, అన్నిటికీ ఇదే పద్ధతి.

బాలింతకి నీళ్లు తక్కువ ఇస్తారు, పొట్ట వస్తుందని. దాహం తీరా తాగనివ్వమని గట్టిగానే చెప్పండి. పాలు పడాలని మన వైపు పాలసొర వండి పెడతారు, వెల్లుల్లి, కాయం పెడతారు. వెక్కిరించకండి, ప్రేమతో పెట్టే తిండి అది, తిననివ్వండి. పాలు తయారయ్యేది మాత్రం బిడ్డ లాగితేనే అన్న ముక్క పక్కన చేర్చండి.

నొప్పి, గడ్డలు, లోపలికి ఉన్న చనుమొన

చనుమొన పగిలిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు పట్టులో లోపమే. లాగి పీకకుండా, చిటికెనవేలు బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు వదిలించి మళ్లీ పట్టించాలి. తాగాక ఒక చుక్క పాలు రాసి ఆరనివ్వాలి. మూడో రోజు రొమ్ములు రాయిలా గట్టిపడితే తాగించే ముందు కాసేపు వెచ్చటి గుడ్డ, కొంచెం పిండి మెత్తబరచడం, తాగాక చల్లటి గుడ్డ. నల్లటి భాగం బిగుసుకుని బిడ్డకి నోటికి అందకపోతే చనుమొన చుట్టూ వేళ్ల కొసలతో ఛాతీ వైపు ఒక నిమిషం నొక్కి ఉంచితే మెత్తబడుతుంది. జ్వరం, ఎర్రటి మచ్చ, విపరీతమైన నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించాలి, పాలు ఆపకూడదు.

చనుమొన లోపలికి ఉంటే 20 మిల్లీ సిరంజిని సూది పెట్టే వైపు కోసి, ప్లంజర్‌ని ఆ కోసిన వైపు నుంచి దూర్చి, నున్నటి అంచు రొమ్ముకి ఆనించి తల్లి చేతే మెల్లగా లాగించండి, నొప్పి పుట్టకుండా, తాగించే ప్రతిసారీ ముందు. ఒకరి సిరంజి ఇంకొకరికి వద్దు. బిడ్డ పట్టేది చనుమొనని కాదు, రొమ్ముని అని ఆమెకి గుర్తుచేయండి.

బిడ్డ ఎస్ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో) ఉంటే తల్లి ఒంటరిగా వార్డులో పడుకుని పక్కవాళ్ల బిడ్డలని చూస్తూ ఏడుస్తుంది. ఆమె దగ్గరకి మొదట వెళ్లండి. కాన్పు అయిన మొదటి గంటల్లోనే పిండడం మొదలెట్టించి, రోజుకి ఎనిమిది సార్లు, రాత్రి ఒకసారైనా పిండమనండి. పిండిన పాలు బయట ఉంటే నాలుగు గంటలు దాటనివ్వొద్దు, మన ఎండల్లో అంతసేపు కూడా వద్దు, ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

డ్యూటీ అప్పగించేటప్పుడు

హ్యాండోవర్‌లో బీపీ, డ్రిప్పు, యాంటీబయాటిక్ అన్నీ చెబుతాం, పాల సంగతి "ఫీడింగ్ గుడ్" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాం. అలా కాకుండా ఇలా చెప్పండి: "ఏడో మంచం, తొలి కాన్పు, సిజేరియన్ రెండో రోజు, రాత్రి నేను ఒక దఫా చూశాను, ఎడమవైపు పట్టు బాగుంది, కుడివైపు నొప్పంటోంది, చంక కింద పట్టుకుంటే తగ్గింది, ఉచ్చ రెండుసార్లు పోశాడు, డబ్బా ఇవ్వలేదు, ఉదయం కుడివైపు ఒకసారి చూడండి." ఇంటికి పంపేటప్పుడు కూడా ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుందని చెప్పి, ఆమె ఫోన్ నంబరు ఉందో లేదో కనుక్కుని, లేకపోతే వార్డు నంబరు కార్డు వెనక రాసివ్వండి. రాత్రి రెండున్నరకి ఆ ఫోన్ మోగితే ఎత్తి, ముందు ఈ రోజు ఎన్నిసార్లు ఉచ్చ పోశాడో అడగండి.